మూడింటికి మెలకువ, పదిన్నరకి గోలీ

(హైదరాబాద్‌లో ఒక కాలనీ పెద్దల సంఘం ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో ఒక నరాల డాక్టరమ్మ మాట్లాడిన పాఠం. రికార్డింగ్ విని రాసింది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడులో వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఇందాక లోపలికొస్తుంటే గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఆపారు. "మేడమ్, పదిన్నరకు గోలీ ఏసుకుంట. మంచిగనే పండుకుంట. మూడింటికల్లా కండ్లు తెరుచుకుంటయ్. ఇగ తెల్లారేదాంక పంకా దిక్కు చూసుడే. గోలీ పవర్ పెంచాల్నా?" అని అడిగారు. నేను ఇంటి దగ్గర రెండు కాగితాలు రాసుకొచ్చాను గానీ, చెప్పాలనుకున్నదంతా ఆయన ప్రశ్నలోనే ఉంది. కాగితాలు పక్కన పెట్టేసి ఆయనకే జవాబు చెప్తాను.

ఆ గోలీ ఒంట్లో ఏ టైముకి పనిచేస్తోంది, ఆయన నిద్ర ఏ టైముకి చెడుతోంది? ఈ రెండూ వేర్వేరు గంటలు. ఆయన గోలీ పదకొండు గంటల సంగతి చూస్తోంది. జబ్బేమో మూడు గంటలకి ఉంది. పవర్ పెంచితే పదకొండింటికి మత్తు ఇంకా ఎక్కువవుతుంది. మూడింటికి లేపుతున్నది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు రాత్రి ఎలా నడుస్తుందో చూద్దాం. నిద్ర ఒక్కటే ముద్దలా ఉండదు. సుమారు తొంభై నిమిషాలకొక చుట్టు చొప్పున, రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతుంది. మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. కనురెప్పల కింద కనుగుడ్లు గబగబా కదిలే ఈ కలల నిద్రని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ బయటపెట్టారు. ఒక చుట్టు అయిపోయి ఇంకోటి మొదలయ్యేటప్పుడు అందరికీ కాస్త మెలకువ వస్తుంది. పాతికేళ్ళ కుర్రాడికీ వస్తుంది. వాడు పక్కకి తిరిగి పడుకుంటాడు, పొద్దున గుర్తుండదు. అరవై దాటాక గాఢనిద్ర పలచబడుతుంది, ఆ మెలకువ కాస్త నిలబడుతుంది. అంటే రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం వయసుతో వచ్చేదే, జబ్బు కాదు. మళ్ళీ కన్ను అంటుకోకపోవడం, పగలంతా దాని బరువు మోయడం, అదీ కలత నిద్ర. మాగన్నుగా పడుకుని "రాత్రంతా రెప్ప వెయ్యలేదు" అనుకునేవాళ్ళూ చాలామంది ఉంటారు. వాళ్ళు పడే బాధ అబద్ధం కాదు. ఇంట్లోవాళ్ళు "గురక పెట్టావుగా" అని కొట్టిపారేయకండి.

ఇక మందులు. మొట్టమొదటి నిద్రమందుల్లో ఒకటి క్లోరల్ హైడ్రేట్. 1869 నుంచి వాడకంలో ఉంది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్ళకి దాని పేరు కొత్త కాదు, కల్తీ కల్లులో కలిపే 'సీహెచ్' అదే. ఆ తర్వాత బార్బిట్యురేట్లు వచ్చాయి. అవి నిద్రకీ చావుకీ మధ్య చాలా సన్నని గీత మీద నడిచే మందులు. 1960లో క్లోర్‌డయాజిపాక్సైడ్, 1963లో డయాజిపామ్ వచ్చాక డాక్టర్లందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆల్ప్రాజోలం, క్లోనజిపామ్, నైట్రజిపామ్ అన్నీ ఆ కుటుంబమే. అమెరికాలో 1992లో జోల్పిడెమ్‌కి అనుమతి వచ్చింది. ఇవాళ మీ స్ట్రిప్పుల మీద కనిపించే పేర్లు ఎక్కువగా ఇవే.

ఇవన్నీ చేసే పని దాదాపు ఒకటే. మెదడులో గాబా అనే రసాయనం ఉంది, అది నరాల కణాలకి బ్రేకు. ఈ మందులు ఆ బ్రేకు ఇంకాస్త గట్టిగా పడేలా చేస్తాయి. చిక్కేమిటంటే, ఆ బ్రేకు నిద్ర ఒక్కదానికే లేదు. నడకలో తూలకుండా ఆపే చోటా ఉంది, జ్ఞాపకం రాసుకునే చోటా ఉంది. మందుకి ఈ తేడా సరిగ్గా తెలియదు. వీధిలో ఒక ఇంటి లైటు ఆర్పాలని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకినట్టు ఉంటుంది.

మరి నిద్ర బాగవుతుందా? నిజం చెప్తాను. త్వరగా నిద్ర పడుతుంది. జోల్పిడెమ్ లాంటి మందుల ప్రయోగాల్ని కలిపి చూస్తే, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ళకంటే సుమారు ఇరవై నిమిషాల ముందు నిద్ర పట్టింది. ఇరవై నిమిషాలు. నిద్రకోసం అల్లాడుతున్నవాడికి అది చిన్నది కాదు, కాదనను. కానీ జీవితాంతం వేసుకునేంత పెద్దదీ కాదు. డయాజిపామ్ కుటుంబం మందులు పైపై నిద్రని పెంచి, ఒళ్ళు కోలుకునే ఆ గాఢనిద్రని తగ్గిస్తాయి. కలల నిద్రనీ కొంత నొక్కిపెడతాయి. అందుకే కొందరు "ఎనిమిది గంటలు పడుకున్నా, లేస్తే తల దిమ్ముగా ఉంది" అంటారు. గంటల లెక్క సరిపోయింది, లోపలి సరుకు మారిపోయింది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఇంట్లో ఎవరూ గమనించరు. ఈ మందులు మెలకువని ఆపలేనిచోట, మెలకువ వచ్చిన జ్ఞాపకాన్ని చెరిపేయగలవు. నా దగ్గరికి వచ్చే ఒకావిడ సంగతి చెప్తాను, గుర్తుపట్టకుండా కొన్ని మార్చి. వాళ్ళ బస్తీలో నల్లా తెల్లవారుజామున మూడింటికి వస్తుంది, అదీ రోజు విడిచి రోజు. ఆవిడ పదకొండింటికి జోల్పిడెమ్ వేసుకునేది. ఒక పొద్దున లేచి చూస్తే రెండు నీలం డ్రమ్ములూ నిండి ఉన్నాయి. పైపు చుట్ట చుట్టి మేకుకి తగిలించి ఉంది. "ఎవరు పట్టిన్రు నీళ్ళు?" అని కోడల్ని అడిగింది. కోడలు నవ్వి, "నువ్వే పట్టినవ్ అత్తమ్మా, నాతోని మాట్లాడుకుంటనే పట్టినవ్" అంది. ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రాత్రి ఆవిడ పొయ్యి వెలిగించి ఉంటే? అలాంటివి జరిగాయి కనుకే, నిద్రలో లేచి నడవడం, వండటం, బండి నడపడం లాంటి ప్రమాదాల గురించి 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రకం మందులతో ఇచ్చే సమాచార పత్రాల్లో నల్ల చట్రంలో హెచ్చరిక పెట్టించింది. "మందేసుకుంటే మంచి నిద్ర పట్టింది" అని పొద్దున మనం చెప్పే మాటలో, ఎంత నిద్ర పట్టింది, ఎంత మర్చిపోయాం అనేది మనకి తెలియదు.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. మందు ఒంట్లో సగానికి తగ్గడానికి ఇంత సమయమని ఉంటుంది. జోల్పిడెమ్‌కి సుమారు రెండున్నర గంటలు. మన పెద్దాయన గోలీ అదే అనుకుందాం. పదిన్నరకి వేసుకున్నారు. ఒంటిగంటకి సగం మిగిలింది. మూడున్నరకి పావు వంతు. లెక్క కట్టి చూడండి, ఆయన కళ్ళు తెరుచుకుంటున్నది సరిగ్గా మందు పట్టు సడలే వేళకే. తాళ్ళు వదులు కాగానే, కింద ఉన్న కారణం పైకి తేలింది.

ఇక్కడే జనం ఒక పొరపాటు చేస్తారు. మూడింటికి లేచి ఇంకో సగం గోలీ వేసుకుంటారు. అమెరికాలో నడిరాత్రి మెలకువ కోసమే నాలుక కింద పెట్టుకునే చిన్న మోతాదు జోల్పిడెమ్‌ని 2011లో అనుమతించారు. ఆడవాళ్ళకి 1.75 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 3.5. అదీ ఇంకా కనీసం నాలుగు గంటలు పక్క మీద ఉండగలిగితేనే. అంత చిన్న మోతాదుకే అంత కట్టడి. మనమేమో 10 మిల్లీగ్రాముల గోలీని చాకుతో కోసి, మూడింటికి వేసుకుని, ఏడింటికి మనవణ్ణి స్కూటర్ మీద స్కూలుకి తీసుకెళ్తాం. ఆడవాళ్ళు ఈ మాట మరీ వినాలి. ఈ మందు ఆడవాళ్ళ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. పొద్దున ఇంకా రక్తంలో మిగులుతోందని, 2013లో వాళ్ళ మోతాదుని 10 నుంచి 5 మిల్లీగ్రాములకి, అంటే సగానికి తగ్గించమన్నారు. భార్యాభర్తలు ఒకే స్ట్రిప్ నుంచి చెరోటి వేసుకునే ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి వద్దు.

రెండో రకం, ఎక్కువసేపు ఉండేవి. క్లోనజిపామ్ సగానికి తగ్గడానికి ముప్పై నలభై గంటలు పడుతుంది. డయాజిపామ్ ఇంకా ఎక్కువ, అది విరిగి తయారయ్యేది కూడా మత్తు మందే. అంటే ఇవాళ రాత్రి మీరు గోలీ నోట్లో వేసుకునే సమయానికి నిన్నటి గోలీలో సగానికి పైగా ఇంకా లోపలే ఉంది. మొన్నటిదీ కొంత ఉంది. రోజూ వేసుకునేవాళ్ళ ఒంట్లో ఉండేది ఒక గోలీ కాదు, పేరుకున్న వారం. ఇది మూడింటికి కూడా పనిచేస్తుంది, నిజమే. పగలు పదకొండింటికి కూడా పనిచేస్తుంది, బాత్రూమ్ గడప దాటేటప్పుడు కూడా పనిచేస్తుంది.

మా అమ్మ సంగతి చెప్తాను. నాన్న పోయినప్పుడు అమ్మకి ఇరవై రోజులు కన్ను అంటుకోలేదు. చూసిన డాక్టరు క్లోనజిపామ్ 0.5 రాశారు, రెండు వారాలకి. రాయడంలో తప్పు లేదు. ఆ రెండు వారాలు తొమ్మిదేళ్ళయ్యాయి. బీపీ గోలీల స్టీలు డబ్బాలో ఆ చిన్న గోలీ కూడా ఒక గడి సంపాదించుకుంది. నెల నెలా తెచ్చిచ్చింది నేనే. డాక్టర్ని, నరాల డాక్టర్ని, నేనే. ఒక రాత్రి మూడున్నరకి బాత్రూమ్‌కని లేచి, తలుపు గొళ్ళెం అందుకోబోయి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ అమ్మ మళ్ళీ వాకర్ లేకుండా నడవలేదు. అరవై ఐదు దాటినవాళ్ళకి ఈ మందులు వీలైనంత వరకు వద్దని వృద్ధుల వైద్యులు రాసిన జాబితాల్లో ఏళ్ళుగా ఉంది. నేను పాఠం చెప్పిన జాబితా అది. అందుకే ఇవాళ గొంతు కాస్త పెద్దదవుతుంటే ఏమనుకోకండి.

సరే, మూడింటికి లేపుతున్నది ఏమిటి? ఇది వెతకకుండా గోలీ మార్చడం దండగ.

మొదట బాత్రూమ్. నీరు పోయేలా చేసే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటున్నారా? డాక్టర్ని అడిగి పొద్దుటికి మార్పించుకోండి. షుగర్ ఎక్కువున్నా, ప్రోస్టేట్ పెరిగినా, పగలు కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే పైకొచ్చినా రాత్రి లేవాల్సి వస్తుంది. దానికి మందు వేరు.

రెండోది గురక. ఇది చాలా ముఖ్యం. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి చప్పుడు ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి లాగుతుంటే, ఆ మనిషికి గొంతు దారి మూసుకుపోతోందని అర్థం. ఊపిరి అందక మెదడు లేపుతోంది. ప్రాణం కాపాడటానికి లేపుతోంది! అలాంటివాళ్ళకి మత్తు గోలీ ఇస్తే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, లేపే ఆ శక్తి కూడా మొద్దుబారుతుంది. దానికి తోడు రెండు పెగ్గులు పడితే ఇంక చెప్పక్కర్లేదు. మందు కొడితే నిద్ర పడుతుందనేవాళ్ళకి ఒక మాట: అది ముందు రాత్రిని ఇచ్చి వెనక రాత్రిని లాక్కుంటుంది. మూడింటి మెలకువకి అదే కారణమైనవాళ్ళని చాలామందిని చూశాను.

మూడోది కాళ్ళు. "కాళ్ళు గుంజుతున్నయ్, పీకుతున్నయ్, లేచి తిరిగితే గానీ తగ్గదు" అంటారు. ఇళ్ళల్లో దీన్ని నీరసం అనుకుంటారు. చాలాసార్లు ఐరన్ తక్కువై వస్తుంది. హిమోగ్లోబిన్ బాగున్నా సరే, ఫెరిటిన్ అనే పరీక్ష చేయించాలి. 75 లోపు ఉంటే ఐరన్ ఇచ్చి చూస్తాం. నిద్ర కోసమని జలుబు గోలీ వేసుకునేవాళ్ళున్నారే, ఆ గోలీలు ఈ కాళ్ళ జబ్బుని ఇంకా పెంచుతాయి.

నాలుగోది మనసు. రోజూ నాలుగింటికే మెలకువ వచ్చి, ఆ చీకట్లో బతుకు వ్యర్థమనిపిస్తుంటే అది నిద్ర జబ్బు కాకపోవచ్చు, దిగులు జబ్బు. దానికి మంచి వైద్యం ఉంది. దయచేసి దాచుకోవద్దు.

చాయ్ సంగతి కూడా. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికి అయిదు గంటల దాకా పడుతుంది. సాయంత్రం ఏడింటికి ఇరానీ హోటల్లో కూర్చున్నవాళ్ళు అర్ధరాత్రికి ఇంకా సగం కప్పు మోస్తున్నట్టే.

(సభలోంచి ఒకరు: మేడమ్, మెలటోనిన్ మంచిదంటున్నారు కదా?)

మెలటోనిన్ మత్తు మందు కాదండి. చీకటి పడిందని మెదడుకి చాటింపు వేసే హార్మోన్. నైట్ షిఫ్టుల వల్ల గడియారం తిరగబడ్డ ఐటీ పిల్లలకి, అమెరికా నుంచి దిగిన మీ పిల్లలకి కొంత పనికొస్తుంది. మూడింటి మెలకువకి పెద్దగా చేసేదేమీ లేదు. ఇంకో కొత్త రకం ఉంది. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనుక్కున్నారు. రాత్రి వీధిలో విజిల్ వేస్తూ తిరిగే గూర్ఖా లాంటిది అది. వీధి అంతా ఫ్యూజు పీకకుండా, ఆ విజిల్ ఒక్కటే ఆపే మందులవి. మొదటిది 2014లో అమెరికాలో అనుమతి పొందింది. తెల్లవారుజాము మెలకువని ఇవి కొంత తగ్గిస్తాయి. వీటికీ పగటి మత్తు ఉంటుంది, కొత్తవి కదా అని ఎగబడక్కర్లేదు.

గోలీలు అసలు వద్దని నేను అనడం లేదు. ఇంట్లో మనిషి పోయినప్పుడు, ఆపరేషన్ ముందు, పది రోజులు, పదిహేను రోజులు, మహా అయితే నాలుగు వారాలు. తేదీ వేసి మొదలుపెట్టి, తేదీ వేసి ఆపాలి. చిట్టీ మీద ఆపే తేదీ లేకపోతే డాక్టర్ని అడిగి రాయించుకోండి, మొహమాటపడకండి. మన దేశంలో 2014 మార్చి నుంచి ఆల్ప్రాజోలం, డయాజిపామ్, జోల్పిడెమ్ వంటివి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. చిట్టీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్ళు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. "మాకు తెలిసిన షాపే, అడగకుండానే ఇస్తాడు" అని గొప్పగా చెప్పకండి. ఆ అబ్బాయి మీకు మేలు చేయడం లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా భయపడాల్సిన మాట. ఇంటికెళ్ళి ఈ రాత్రే గోలీ ఆపేయకండి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారి ఆగిపోయింది. ఆ కల్లులో కలిపినవి ఈ ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేటే. ఏళ్ళ తరబడి తాగిన కూలివాళ్ళకి చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఇంటివాళ్ళు పట్టుకుని ఆస్పత్రులకి పరిగెత్తారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఆ తాకిడి ఎలా ఉందో ఈ ఊరివాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వాళ్ళని చూసి "తాగుబోతులు" అనుకున్నాం. స్టీలు డబ్బాలో మన గోలీ, వాళ్ళ సీసాలో మందు, ఒకటే కుటుంబం. ఏళ్ళుగా వేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ రాకపోయినా, అణచిపెట్టిన కలలన్నీ ఒక్కసారి తిరగబడి నాలుగైదు రాత్రులు నరకం చూపిస్తాయి. అప్పుడు మనిషి "చూశావా, గోలీ లేకపోతే నాకు నిద్రే రాదు" అని మళ్ళీ డబ్బా తెరుస్తాడు. అది పాత జబ్బు కాదు, మందు వెళ్ళిపోతూ చేసే గొడవ. అందుకే డాక్టరు పర్యవేక్షణలో, రెండేసి వారాలకి పదో వంతో, పావు వంతు మించకుండానో తగ్గించుకుంటూ రావాలి. మా అమ్మకి ఏడు నెలలు పట్టింది.

మరి దాని స్థానంలో ఏమిటి? మందు లేని వైద్యమే ముందు ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల కాలేజీ కూడా చెప్పింది. పక్క మీద పడుకుని దొర్లడం మానేయడం దాని ప్రాణం. ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచి ముందు గదిలో కూర్చోండి. ఫోన్ వద్దు. తెల్లవారుజామున జపం చేసుకునేవాళ్ళు చేసుకోండి, కునుకు వచ్చినప్పుడే మళ్ళీ పక్క ఎక్కండి. గడియారం గోడకి తిప్పేయండి. రెండోది, పక్క మీద ఉండే గంటలు తగ్గించడం. పడుకునేది తొమ్మిదిన్నరకి, లేచేది ఆరున్నరకి, నిద్ర వచ్చేది ఆరు గంటలు. మిగతా మూడు గంటలు మీ మెదడు "పక్క అంటే ఆలోచించే చోటు" అని నేర్చుకుంటోంది. కొన్నాళ్ళు పన్నెండింటికి పడుకుని ఆరింటికి లేవండి. అయిదు గంటలకన్నా తగ్గించకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్ళు, బండి నడిపే పని ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా చేయకూడదు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, మాట దాచను. మూడో వారానికి నిద్ర దగ్గరికి చేరుతుంది.

ఒక పని ఈ రోజే మొదలుపెట్టండి. వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుందిగా. రోజూ పొద్దున తిథి పక్కన ఆ గడిలో మూడు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, గోలీ ఎన్నింటికి వేసుకున్నారు. లేచిన కారణం తెలిస్తే ఒక్క అక్షరం. బాత్రూమ్‌కి బా, కాళ్ళకి కా. రెండు వారాలయ్యాక ఆ కాగితం చింపి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "నిద్ర పడ్తలేదు" అనే మాటకి మాకు తోచేది గోలీ. ఆ కాగితానికి మాకు వేరే ప్రశ్నలు తోస్తాయి.

(సభలోంచి ఇంకొకరు: మేడమ్, నాకు డెబ్బై రెండు. పన్నెండేళ్ళుగా ఆల్ప్రాక్స్ వేసుకుంటున్నాను. ఇప్పుడు మానగలనా?)

మానగలరండి. మీకంటే పెద్దవాళ్ళు మానారు. కానీ ఎంత మోతాదు, రోజుకి ఎన్నిసార్లు, ఇంకా ఏమేం మందులున్నాయి, గురక ఉందా, ఇవన్నీ చూడకుండా మైకులో చెప్పను. నేను ఎనిమిదింటి దాకా ఇక్కడే ఉంటాను, ఆ మూల టేబుల్ దగ్గర. ఎవరి దగ్గరైనా గోలీల డబ్బా ఉంటే తీసుకురండి. ముందు వరుసలో అమ్మ ఇందాకటి నుంచి సంచీలోంచి స్ట్రిప్ తీసి చూపిస్తున్నారు. ఇటివ్వండమ్మా, చూస్తాను. కళ్ళజోడు తీసుకోనివ్వండి.